దక్షిణాఫ్రికా వర్ణవివక్ష పాలనలో అసమానత, హింస: తరచుగా అడిగే ప్రశ్నలు

పుట్టుకతోనే తేలిపోయే బతుకు, అడుగడుగునా గుర్తింపు పత్రం చూపించమనే పోలీసు, ఒకే నగరంలో ఒకరినొకరు చూసుకోకుండా బతికే జనాలు అనగానే చాలామందికి భవిష్యత్తును భయంకరంగా ఊహించి రాసిన కథలు గుర్తుకొస్తాయి. దక్షిణాఫ్రికాలో అటువంటి సమాజాన్ని పార్లమెంటులో చట్టాలు చేసి, బడ్జెట్లు కేటాయించి, గుమాస్తాలను నియమించి మరీ నిర్మించారు. ఆ వ్యవస్థ గురించి పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. తుపాకుల కంటే కాగితాల ప్రస్తావనే వీటిలో ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడి హింసలో అధిక భాగం దస్త్రాల మీదుగానే నడిచింది.

ఈ వ్యవస్థ ఎప్పుడు మొదలైంది?

1948 మే నెలలో జరిగిన ఎన్నికల్లో డి.ఎఫ్. మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ గెలిచిన నాటి నుంచి, అన్ని జాతుల వారూ ఓటు వేసిన 1994 ఏప్రిల్ 27 వరకు సాగిన పాలనను వర్ణవివక్ష పాలన లేదా అపార్థైడ్ అంటారు. అయితే దాని పునాది అంతకు చాలా ముందే పడింది. 1913 నాటి భూమి చట్టం జనాభాలో అధిక సంఖ్యాకులైన నల్లజాతి వారికి దేశ భూభాగంలో సుమారు 7 శాతాన్ని మాత్రమే కేటాయించి, దానికి వెలుపల వారు భూమి కొనడాన్ని నిషేధించింది. 1936లో ఆ వాటాను సుమారు 13 శాతానికి పెంచుతామన్నారు. 1948లో వచ్చిన ప్రభుత్వం, అప్పటికే ఉన్న అన్యాయాన్ని తీసుకుని దానికి పూర్తిస్థాయి యంత్రాంగాన్ని సమకూర్చిందని చెప్పడం సబబుగా ఉంటుంది.

ఎవరు ఏ జాతికి చెందుతారో ఎలా నిర్ణయించేవారు?

1950లో వచ్చిన జనాభా నమోదు చట్టం ప్రకారం దేశంలోని ప్రతి వ్యక్తినీ తెల్లవారు, మిశ్రమ జాతి వారు (అక్కడి మాటలో 'కలర్డ్'), ఆఫ్రికన్లు అనే వర్గాలలో ఒకదానిలో చేర్చి రిజిస్టరులో రాసేవారు. భారతీయ సంతతి వారిని తరువాత 'ఆసియావాసులు' అనే విడి వర్గంగా లెక్కగట్టారు. ఎక్కడ నివసించాలి, ఏ బడిలో చదవాలి, ఎవరిని పెళ్లాడాలి, ఏ ఆసుపత్రిలో చేరాలి, ఏ బెంచీ మీద కూర్చోవాలి అనేవన్నీ ఆ ఒక్క నమోదును బట్టే తేలేవి.

ఇంతటి తీర్పుకు ఆధారం మాత్రం చాలా నాసిరకమైనది. చట్టం మనిషి రూపాన్నీ, అతడిని చుట్టుపక్కల వారు ఏ జాతిగా గుర్తిస్తారన్న సంగతినీ చూడమంది. సందేహం వచ్చినప్పుడు అధికారులు చర్మపు రంగును, ముక్కు ఆకారాన్ని పరిశీలించేవారు. జుట్టులో పెన్సిలు దూర్చి, తల విదిలిస్తే అది జారిపడుతుందా నిలుస్తుందా అని చూసేవారు. పెన్సిలు నిలిచిన అన్న ఒక జాతిగానూ, జారిపడిన తమ్ముడు మరొక జాతిగానూ నమోదు కావడానికి అవకాశం ఉండేది, అలా చీలిన కుటుంబాలు ఉన్నాయి కూడా. తెల్లవారిగా నమోదైన దంపతులకు పుట్టిన ఒక పదేళ్ల బాలికను 1966లో, ఆమె రూపం చూసి, పోలీసుల చేత బడి నుంచి బయటికి పంపించి మిశ్రమ జాతి జాబితాలోకి మార్చారు; తండ్రి పోరాడగా మరుసటి ఏడాది తిరిగి తెల్లజాతి జాబితాలోకి ఎక్కించారు. ఇంతలో జపానుతో వాణిజ్యం పెరగడంతో, జపనీయులను 'గౌరవ తెల్లవారు'గా పరిగణించాలని ప్రభుత్వం 1960లలో నిశ్చయించింది. ఇనుము కొనేవాడి రంగు విషయంలో శాస్త్రం కొంత ఉదారంగా ఉండేదన్నమాట.

పాస్ పుస్తకం అంటే ఏమిటి? దానికీ హింసకూ సంబంధం ఏమిటి?

పదహారేళ్లు దాటిన ప్రతి నల్లజాతి వ్యక్తీ ఎల్లవేళలా వెంట ఉంచుకోవలసిన గుర్తింపు పుస్తకం అది. అందులో ఫొటో, జాతి వివరాలు, పన్ను రశీదులు, ఉద్యోగ వివరాలు, నగరంలో ఉండడానికి ఇచ్చిన అనుమతులు ఉండేవి. యజమాని నెలనెలా అందులో సంతకం పెట్టాలి. ఈ పుస్తకాన్ని ప్రవేశపెట్టిన 1952 నాటి చట్టానికి పాసుల రద్దు చట్టమని పేరు పెట్టారు. మొదట పురుషులకే తప్పనిసరి చేసి, 1950ల చివరికి స్త్రీలకూ విస్తరించారు. దానికి నిరసనగా 1956 ఆగస్టు 9న సుమారు ఇరవై వేల మంది మహిళలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనం వద్దకు కదిలి వచ్చారు.

నల్లజాతి వ్యక్తి అనుమతి లేకుండా నగరంలో 72 గంటలకు మించి ఉండడం నేరం. అదే నగరంలో పుట్టి ఎడతెగకుండా అక్కడే నివసించినవారికి, లేదా ఒకే యజమాని వద్ద పదేళ్లు, వేరువేరు యజమానుల వద్దనైతే పదిహేనేళ్లు నిరంతరంగా పనిచేసినవారికి మాత్రం స్థిర నివాస హక్కు ఉండేది. ఈ చిన్న సందును కూడా మూయడానికి 1968లో ఒక నిబంధన తెచ్చారు. వలస కార్మికుడు ఏడాదికొకసారి స్వస్థలానికి తిరిగి వెళ్లి, అక్కడ కొత్త ఒప్పందం రాయించుకుని రావాలి. దానితో ఇరవై ఏళ్లు ఒకే ఫ్యాక్టరీలో చేసినా ఆ సేవ లెక్కల్లో ఇరవై విడి ముక్కలుగా ఉండిపోయేది, 'నిరంతర' సేవ అయ్యేది కాదు. 1983లో రిఖోటో అనే కార్మికుడు వేసిన కేసులో అప్పీలు న్యాయస్థానం ఈ ఎత్తుగడ చెల్లదని తీర్పు ఇచ్చేవరకు అది సాగింది.

హింస విషయానికి వస్తే, పుస్తకాన్ని ఇంట్లో మరచి నాలుగడుగుల దూరంలోని దుకాణానికి వెళ్లినవాడు కూడా అరెస్టుకు అర్హుడే. పాస్ చట్టాలు రద్దయిన 1986 నాటికి వాటి కింద జరిగిన అరెస్టులు కోటి దాటాయి. ఆ కేసులు విచారించే న్యాయస్థానాల్లో ఒక్కో మనిషికి కొద్ది నిమిషాలు మాత్రమే దక్కేవి. 1950లలో అలా పట్టుబడిన వారిని జైలుకు బదులు తెల్లవారి పొలాలకు కూలీలుగా పంపే పద్ధతి కూడా ఉండేది. బెథల్ ప్రాంతపు బంగాళాదుంప పొలాల్లో వారిపై జరిగిన దెబ్బలు, దౌర్జన్యాలు బయటపడడంతో 1959లో జనం బంగాళాదుంపలు కొనడం మానేసి ఉద్యమించారు. ఇవేవీ ఆనాటి నేరాల పట్టికలో హింస కింద లెక్కకు రాలేదు.

నగరాలను ఎలా విడదీశారు?

1950 నాటి సమూహ ప్రాంతాల చట్టంతో. నగర పటం మీద ఒక్కో జాతికి ఒక్కో ప్రాంతాన్ని గీసి, ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటించి, ఆ గీతకు తప్పుడు పక్కన ఉన్నవారిని ఖాళీ చేయించేవారు. మధ్యలో రైలు మార్గాలను, వెడల్పాటి రహదారులను, పారిశ్రామిక వాడలను, ఖాళీ భూములను అడ్డుగా ఉంచేవారు. నల్లజాతి టౌన్‌షిప్‌లకు, అంటే నల్లజాతి వారికి కేటాయించిన నగర శివారు నివాస ప్రాంతాలకు, దారులు కావాలనే తక్కువగా వేశారు. అల్లర్లు రేగితే కొద్దిపాటి బలగంతో ఆ దారులను మూసివేయవచ్చునన్నది దాని వెనుక లెక్క.

జోహాన్నెస్‌బర్గ్‌లోని సోఫియాటౌన్‌లో నల్లజాతి వారికి సొంత ఇళ్లుండేవి, సంగీతం, పత్రికా రచన వర్ధిల్లేవి. 1955 ఫిబ్రవరిలో సాయుధ పోలీసులు దిగి, కుటుంబాలను సామానుతో సహా లారీలెక్కించి మెడోల్యాండ్స్‌కు తరలించడం మొదలుపెట్టారు. ఇళ్లు కూల్చాక అక్కడ కట్టిన తెల్లవారి కాలనీకి 'విజయం' అని అర్థం వచ్చే పేరు పెట్టారు. కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, తరువాతి ఏళ్లలో అరవై వేలకు పైగా జనాన్ని గాలి దుమారాలు రేగే ఇసుక నేలలకు పంపారు. మసీదులు, చర్చీలు తప్ప దాదాపు అన్నిటినీ కూల్చిన ఆ స్థలంలో అధిక భాగం దశాబ్దాలపాటు ఖాళీగానే పడి ఉంది. అక్కడ ఇళ్లు కట్టుకోవడానికి తెల్లవారు కూడా పెద్దగా ముందుకు రాలేదు. 1960 నుంచి 1983 వరకు దేశం మొత్తం మీద ఇలా తరలించబడినవారు ముప్పై అయిదు లక్షల మంది ఉంటారని ఆనాటి పరిశోధకుల అంచనా.

'హోమ్‌ల్యాండ్'లు ఎందుకు ఏర్పాటు చేశారు?

నల్లజాతి వారిని వారి దేశంలోనే విదేశీయులుగా మార్చడానికి. భాష, తెగల ప్రాతిపదికన పది ప్రాంతాలను గుర్తించి, 1970 చట్టం ద్వారా ప్రతి నల్లజాతి వ్యక్తినీ, అతడు ఆ ప్రాంతాన్ని ఎన్నడూ చూడకపోయినా సరే, ఏదో ఒక హోమ్‌ల్యాండ్ పౌరుడిగా చేశారు. ట్రాన్స్‌కై (1976), బోఫుతట్స్వానా (1977), వెండా (1979), సిస్కై (1981) 'స్వతంత్ర దేశాలు' అయ్యాయి. దక్షిణాఫ్రికా తప్ప ఐక్యరాజ్యసమితి సభ్యదేశం ఏదీ వాటిని గుర్తించలేదు.

ఇంత ఖర్చుతో మనుషులను విడదీయడం వల్ల పాలకవర్గానికి లాభమేమిటి?

ద్వేషం ఒక్కటే కారణమనుకుంటే ఈ వ్యవస్థ సగమే అర్థమవుతుంది. బంగారు గనులకు, పొలాలకు, ఫ్యాక్టరీలకు, తెల్లవారి వంటిళ్లకు లక్షలాది చేతులు కావలసి వచ్చాయి. ఆ చేతులకు కుటుంబం, ముసలితనం, ఓటు ఉండకూడదు. గని కార్మికుడు ఒప్పందకాలమంతా మగవారి హాస్టల్లో కాంక్రీటు పడకల మీద నిద్రించేవాడు, భార్యాబిడ్డలు హోమ్‌ల్యాండ్‌లో ఉండేవారు. వారి పోషణ, అతడికి జబ్బు చేస్తే చూసుకోవడం, వృద్ధాప్యంలో భరించడం అంతా ఆ బీడు నేలల భారమే కావడంతో, గని యాజమాన్యం ఒంటరి మనిషికి సరిపోయేంత కూలి ఇస్తే చాలునని లెక్క వేసేది. 1970 ప్రాంతంలో బంగారు గనుల్లో తెల్ల కార్మికుడి వేతనం నల్ల కార్మికుడి వేతనానికి ఇరవై రెట్ల వరకు ఉండేది. ధరల పెరుగుదలను తీసివేసి చూస్తే, నల్ల కార్మికుడికి 1911లో అందిన దానికన్నా అప్పుడు అందినది ఎక్కువేమీ కాదు.

చదువును కూడా ఇదే లెక్కకు ఒదిగించారు. 1953 నాటి బంటు విద్యా చట్టాన్ని ('బంటు' అనేది ఆఫ్రికన్లకు పాలకులు వాడిన మాట) తెచ్చిన మంత్రి హెండ్రిక్ వెర్‌వూర్డ్, కొన్ని రకాల శ్రమను మించిన స్థాయిలో తెల్లవారి సమాజంలో నల్లవారికి చోటు లేదని, అందుకే వారికి ఆ ఆశలు కల్పించే చదువు అక్కర్లేదని బాహాటంగానే చెప్పాడు. 1970లలో ఒక తెల్ల విద్యార్థిపై ప్రభుత్వం పెట్టే ఖర్చు నల్ల విద్యార్థిపై పెట్టేదానికి పది రెట్లకు పైగా ఉండేది.

అణచివేతకు గురైనవారు అధిక సంఖ్యలో ఉన్నా ఎందుకు ఏకం కాలేకపోయారు?

అందరినీ ఒకే మెట్టు మీద ఉంచలేదు గనుక. రాబెన్ దీవి జైలును గమనిస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 1964లో యావజ్జీవ శిక్ష పడి ఒకే విమానంలో, ఒకే కేసులో అక్కడికి చేరిన వారిలో నెల్సన్ మండేలాకూ ఇతర ఆఫ్రికన్ ఖైదీలకూ పొట్టి నిక్కర్లు ఇచ్చారు; భారతీయ సంతతికి చెందిన అహ్మద్ కథ్రాడాకు పొడుగు ప్యాంటు ఇచ్చారు. కథ్రాడా అందరికంటే చిన్నవాడు. భోజనంలో భారతీయ, మిశ్రమ జాతి ఖైదీలకు రొట్టె, కాస్త ఎక్కువ చక్కెర దక్కేవి, ఆఫ్రికన్లకు రొట్టె లేదు. పెద్దవారికి పొట్టి నిక్కర్లు తొడగడం అవమానమని తెలిసే ఆ పని చేశారు. అక్కడి ఖైదీలు ఆ ఎర చూసి విడిపోలేదు. తమ వాటా పంచుకున్నారు, సమానత్వం కోసం ఏళ్లతరబడి కొట్లాడారు. బయటి సమాజంలో అందరికీ అంత నిబ్బరం సాధ్యం కాలేదు.

పశ్చిమ కేప్‌లో ఉద్యోగాలను ముందుగా మిశ్రమ జాతి వారికే ఇవ్వాలన్న విధానం 1950లలో అమలులోకి వచ్చింది. 1983 రాజ్యాంగం తెల్లవారికి, మిశ్రమ జాతికి, భారతీయులకు మూడు విడి సభలు ఏర్పరచి, అధిక సంఖ్యాకులైన ఆఫ్రికన్లకు ఏ సభా ఇవ్వలేదు. ప్రతివర్గానికీ తన కిందివాడిని చూపించి, పోగొట్టుకోవడానికి నీ దగ్గర కూడా కొంత ఉందని గుర్తు చేయడమే ఇందులోని ఉద్దేశం. ఈ ఎత్తు చాలావరకు బెడిసికొట్టింది. ఆ ఏడాదే పుట్టిన యునైటెడ్ డెమోక్రటిక్ ఫ్రంట్ అన్ని జాతుల సంఘాలనూ ఒకచోట చేర్చింది, ఆ సభల ఎన్నికలకు మిశ్రమ జాతి, భారతీయ ఓటర్లలో అధికులు దూరంగా ఉన్నారు.

అక్కడి భారతీయుల పరిస్థితి ఏమిటి? వారిలో తెలుగువారున్నారా?

ఉన్నారు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరులో చెరకు తోటల కూలీలను డర్బన్‌లో దింపింది. తరువాతి అర్ధ శతాబ్దంలో అలా ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తమిళులతో పాటు కోస్తా జిల్లాల తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారి మనుమలు, మునిమనుమలు వర్ణవివక్ష పాలనలో మధ్య మెట్టు మీద నిలబడవలసి వచ్చింది. ఓటు లేదు, ఇళ్లూ దుకాణాలూ సమూహ ప్రాంతాల చట్టం కింద పోయాయి, అయినా పాస్ పుస్తకం మోయనక్కర లేదు.

మధ్య మెట్టు ఎంత ప్రమాదకరమో 1949 జనవరిలో డర్బన్‌లో తెలిసింది. ఒక భారతీయ దుకాణదారు ఒక ఆఫ్రికన్ బాలుడిని కొట్టాడన్న వార్తతో మొదలైన అల్లర్లలో రెండు పక్కలా కలిపి 142 మంది చనిపోయారు. నాటి ఆఫ్రికన్ కార్మికుడికి రోజూ ఎదురయ్యేది అప్పిచ్చే దుకాణదారు, టికెట్టు కొట్టే బస్సు యజమాని. చట్టాలు చేసిన మంత్రి అతడికి ఎప్పుడూ కనబడడు. చీల్చిన సమాజాల్లో కోపం చేతికందిన వాడి మీదికే మళ్లుతుందనడానికి ఇంతకంటే విషాదకరమైన ఉదాహరణ ఆ దేశ చరిత్రలో తక్కువ.

షార్ప్‌విల్, సోవెటో ఘటనల్లో ఏం జరిగింది?

1960 మార్చి 21న పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ పిలుపు మేరకు షార్ప్‌విల్‌లో వేలాదిమంది పాస్ పుస్తకాలు లేకుండా పోలీసు స్టేషనుకు వెళ్లి, తమను అరెస్టు చేయమన్నారు. పోలీసులు కాల్పులు జరిపి 69 మందిని చంపారు. చాలామందికి గుండ్లు వీపున తగిలాయి. కొద్ది వారాల్లోనే ఆ పార్టీనీ, మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌నూ నిషేధించారు.

జోహాన్నెస్‌బర్గ్ టౌన్‌షిప్ అయిన సోవెటోలో, పాలకుల దృష్టిలో నేరం చేసింది బడిపిల్లలు. గణితం వంటి పాఠ్యాంశాలను పాలకుల భాష అయిన ఆఫ్రికాన్స్‌లో నేర్పాలన్న ఆదేశానికి వ్యతిరేకంగా 1976 జూన్ 16న వేలాది విద్యార్థులు ఊరేగింపు తీశారు, పోలీసులు కాల్చారు. పన్నెండేళ్ల హెక్టర్ పీటర్సన్ మృతదేహాన్ని ఒక యువకుడు ఎత్తుకుని పరుగెత్తుతుండగా, పక్కనే అక్క ఏడుస్తూ పరుగెత్తడాన్ని సామ్ న్జీమా తీసిన ఫొటో ప్రపంచమంతా చూసింది. దేశమంతటా పాకిన ఆ తిరుగుబాటులో, 1977 ఫిబ్రవరి నాటికి 575 మంది చనిపోయారని ప్రభుత్వం నియమించిన విచారణ కమిషనే లెక్క చెప్పింది.

నిర్బంధంలో మరణాలకు ఎవరైనా బాధ్యత వహించారా?

ఆనాడు ఎవరూ వహించలేదు. 1963 నుంచి విచారణ లేకుండా 90 రోజులు, 1967 నుంచి నిరవధికంగా నిర్బంధించే అధికారం పోలీసులకు ఉండేది. 1971 అక్టోబరులో అహ్మద్ టిమోల్ అనే ఉపాధ్యాయుడు జోహాన్నెస్‌బర్గ్ పోలీసు కార్యాలయపు పదో అంతస్తు నుంచి పడి చనిపోగా, ఆత్మహత్య అని న్యాయవిచారణ తేల్చింది. నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకోను 1977 సెప్టెంబరులో, విచారణ గదిలో తలకు తగిలిన గాయంతో, బట్టలు లేకుండా, సంకెళ్లతో వాహనం వెనుక పడుకోబెట్టి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రిటోరియాకు తరలించారు. ముప్పై ఏళ్ల బీకో మరునాడు మరణించాడు. దానికి ఎవరూ బాధ్యులు కారని న్యాయవిచారణ పేర్కొంది. టిమోల్ కుటుంబం పట్టు వదలకపోవడంతో 2017లో ఉన్నత న్యాయస్థానం పాత తీర్పును తోసిపుచ్చి, అతడిని తోసి చంపారని ప్రకటించింది. నలభై ఆరేళ్లు పట్టింది.

ప్రతిఘటించినవారు హింసకు పాల్పడలేదా?

పాల్పడ్డారు, ఆ సంగతి దాచవలసిన పని లేదు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ సాయుధ విభాగం 1961 డిసెంబరులో విద్యుత్ కేంద్రాలు, ప్రభుత్వ కట్టడాల విధ్వంసంతో మొదలుపెట్టి, 1983లో ప్రిటోరియా చర్చి వీధిలో 19 మంది చనిపోయిన కారుబాంబు దాకా వెళ్లింది. 1980ల మధ్యలో టౌన్‌షిప్‌లలో, పోలీసు ఇన్‌ఫార్మర్లని అనుమానించిన పొరుగువారి మెడలో పెట్రోలు పోసిన టైరు వేసి తగలబెట్టిన ఘటనలు జరిగాయి. వారిలో నిరపరాధులూ ఉన్నారు. సమస్యంతా రెండు పక్షాలూ సమానమనే మాటతో వస్తుంది. ఒక పక్క బడ్జెట్టు, సైన్యం, న్యాయస్థానాలు ఉన్న రాజ్యం ఉంది, మరో పక్క శాంతియుత మార్గాలన్నీ చట్టం ద్వారా మూసివేయబడిన జనం ఉన్నారు. ఈ తేడాను పక్కన పెట్టి మృతదేహాలను మాత్రమే లెక్కపెట్టే పద్ధతి ఆనాటి ప్రభుత్వానికి బాగా నచ్చేది.

తెల్లవారంతా ఈ పాలనను సమర్థించారా?

అందరూ కాదు. 'బ్లాక్ సాష్' మహిళలు 1955 నుంచి నిరసనలు చేశారు, పాస్ కేసుల బాధితులకు సలహా కేంద్రాలు నడిపారు. హెలెన్ సుజ్మన్ 1961 నుంచి పదమూడేళ్లు పార్లమెంటులో తమ పార్టీ నుంచి ఒంటరిగా పోరాడారు. అయినా అధిక సంఖ్యాకులు ఎన్నిక వెంట ఎన్నికలో ఆ ప్రభుత్వాన్నే గెలిపించారు.

చివరికి ఎలా కూలింది?

ఏ ఒక్క దెబ్బకూ కూలలేదు. 1973 నుంచి సాగిన సమ్మెలు, 1980లలో టౌన్‌షిప్‌లను పాలించలేని స్థితి, ఆంక్షలు, 1985లో విదేశీ బ్యాంకులు అప్పులను పొడిగించడానికి నిరాకరించడం, ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం అన్నీ కలిసి వచ్చాయి. 1990 ఫిబ్రవరిలో అధ్యక్షుడు డి క్లార్క్ నిషేధాలు ఎత్తివేశాడు, మండేలా విడుదలయ్యాడు. జనాభా నమోదు, సమూహ ప్రాంతాలు, భూమి చట్టాలు 1991లో రద్దయ్యాయి. చర్చలు జరిగిన 1990-94 కాలంలోనే సుమారు 14,000 మంది రాజకీయ హింసలో చనిపోయారన్న సంగతిని 'శాంతియుత మార్పు' అనే మాట కప్పిపుచ్చుతుంది.

సత్య, సమాధాన కమిషన్ న్యాయం చేసిందా?

సత్యం చాలావరకు చెప్పించింది, న్యాయం కొద్దిగానే చేసింది. డెస్మండ్ టూటూ అధ్యక్షతన 1996లో విచారణలు మొదలుపెట్టిన ఈ కమిషన్ ఇరవై ఒక్క వేలకు పైగా బాధితుల వాంగ్మూలాలు నమోదు చేసింది. నిజం పూర్తిగా ఒప్పుకున్నవారికి క్షమాభిక్ష ఇచ్చే అధికారం దానికి ఉండేది. 7,112 దరఖాస్తులలో 849కి అది లభించింది. బీకోను విచారించిన పోలీసులకు నిరాకరించారు. ఆపై చాలా కేసుల్లో విచారణలు జరగలేదు, గుర్తించిన బాధితులకు ఒక్కొక్కరికి ఒకసారి 30,000 ర్యాండ్లు పరిహారం ఇచ్చి సరిపెట్టారు. ఇంతకంటే ముఖ్యమైన లోపం కమిషన్ పరిధిలోనే ఉంది. హత్య, చిత్రహింస, అపహరణ వంటివే దాని విచారణకు వచ్చాయి. పాస్ అరెస్టులు, తరలింపులు, ఊడిపోయిన చదువులు ఆనాటి చట్టం ప్రకారం సక్రమమే కాబట్టి, వాటికి గురైన లక్షలాది మంది 'బాధితుల' జాబితాలో చేరలేదు.

చట్టాలు పోయి మూడు దశాబ్దాలు దాటినా అసమానత ఎందుకు అలాగే ఉంది?

చట్టాన్ని రద్దు చేయడానికి ఒక ఓటు చాలు, పటాన్ని మార్చడానికి భూమి, డబ్బు కావాలి. 1994 తర్వాత ప్రభుత్వం లక్షలాది ఉచిత ఇళ్లు కట్టించింది, కరెంటు, నీరు, పెన్షన్లు అందించింది. భూమి చౌకగా దొరికే చోట, అంటే పాత టౌన్‌షిప్‌లకు కూడా అవతల, ఆ ఇళ్లలో అధిక భాగం వెలిశాయి. దానితో పేద కార్మికుడు నేటికీ తెల్లవారకముందే లేచి, జీతంలో చెప్పుకోదగ్గ భాగం టాక్సీ వ్యాన్లకు చెల్లించి పనికి పోతున్నాడు. ప్రపంచ బ్యాంకు 2014-15 సర్వే ఆధారంగా లెక్కించిన జీనీ సూచిక (సున్నా అంటే పూర్తి సమానత, ఒకటి అంటే పూర్తి అసమానత) 0.63, అంటే ఆ బ్యాంకు లెక్కల్లోకి వచ్చిన దేశాలన్నిటిలోకీ ఎక్కువ అసమానత. ఇప్పుడు నల్లజాతి సంపన్నులు, మధ్యతరగతి కూడా ఉన్నారు. కాబట్టి ఆ అంతరం కేవలం రంగును బట్టి లేదు, అయితే అడుగు మెట్టు మీద ఉన్నవారు దాదాపు అందరూ నల్లజాతి వారే.

2012 ఆగస్టు 16న మరికానా ప్లాటినం గని వద్ద వేతనాల కోసం సమ్మె చేస్తున్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపి 34 మందిని చంపారు. ఆ కార్మికులలో పెద్ద భాగం పూర్వపు ట్రాన్స్‌కై ప్రాంతం నుంచి వలస వచ్చినవారు, కుటుంబాలు ఊళ్లో ఉన్నాయి, గని దగ్గర రేకుల గుడిసెల్లో ఒంటరిగా బతుకుతున్నారు. కాల్చిన పోలీసులను నడిపే ప్రభుత్వం అన్ని జాతుల వారి ఓట్లతో ఎన్నికైనదే. వలస మార్గాన్ని మాత్రం వంద ఏళ్ల కింద ఎవరో గీశారు.